లెక్కలో లేని చక్రం

ఏం ఉద్యోగం చేస్తారని ఎవరైనా అడిగితే ఆవిడ "చక్రం తిప్పుతాను" అనేది. విన్నవాళ్లు రాజకీయాల మనిషేమో అనుకుని ఒకడుగు వెనక్కి వేసేవారు. ఆవిడ మాత్రం ఉన్నమాటే చెప్పేది. కొండ మీది పరిశోధనశాలలో, నేలమాళిగలో, ఇల్లంత ఉక్కు చక్రం ఒకటి ఉంది. మోటారుతో దానికి మెల్లమెల్లగా వేగం ఎక్కించాలి. ఎక్కిన వేగాన్ని నిలబెట్టాలి. పైవాళ్లు "ఊఁ" అన్న క్షణాన ఆ బలమంతా కరెంటుగా మార్చి పైకి వదలాలి. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆవిడ పని అదే, కూర్చునే గది అదే. చిన్నా పెద్దా అందరూ ఆవిడను చక్రం అక్క అనేవారు. అసలు పేరు జీతాల గదిలోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదంటే నమ్మండి.

ఇంత హంగామా ఎందుకంటారా? పైఅంతస్తులో పెద్ద యంత్రం ఉంది. అందులో పల్చటి హైడ్రోజన్ వాయువును సూర్యుడి నడిబొడ్డు కన్నా వేడిగా కాచి, గోడలకు తగలకుండా అయస్కాంతాలతో పట్టి ఉంచి, కేంద్రకాలను ఒకదానితో ఒకటి కలుపుతారు. ఆ కేంద్రకాలు కలిస్తే బోలెడు శక్తి వస్తుంది. కానీ అవి ఒక పట్టాన కలిసే రకం కాదు, ఎడమొహం పెడమొహంగా ఉండే తోడికోడళ్లు. వాటిని దగ్గరికి చేర్చాలంటే ముందు మనం బోలెడు శక్తి పొయ్యాలి, అదీ కొన్ని క్షణాల్లోనే పొయ్యాలి. అంత కరెంటు ఒక్కసారిగా తీగల్లోంచి లాగేస్తే కింద ఊరంతా చీకటే. అందుకని తీగల్లోంచి నెమ్మదిగా లాగి, చక్రం తిరుగుడులో దాచి, ఒక్క గుక్కలో వదిలేవారు.

మొదలుపెట్టే ముందు ఆవిడ కరెంటు పంపిణీ ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాలి. అదీ పద్ధతి.

"అన్నయ్యా, ఎక్కిస్తున్నా" అనేది.

"కానీయ్ తల్లీ. మా మీద కాస్త దయుంచు" అనేవాడు అవతలాయన. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పండక్కీ పబ్బానికీ క్షేమసమాచారాలు మాత్రం తప్పకుండా అడుక్కునేవారు.

ఇప్పుడు ఆవిడ భర్త సంగతి. ఆయనదీ కేంద్రకాల ఉద్యోగమే. కాకపోతే ఆవిడ కలిపే చోట, ఆయన పగలగొట్టే చోట. సముద్రం ఒడ్డున ఉన్న అణు విద్యుత్ కేంద్రం కంట్రోల్ రూములో షిఫ్టు పని చేసి, ఈవిడ కన్నా ఏడాది ముందు రిటైరయ్యాడు. అక్కడ పుట్టిన కరెంటే తీగలు పట్టుకుని కొండెక్కి ఈవిడ చక్రంలో పడేది. ఆయనకు ఇంతకన్నా ఏం కావాలి? గడప తొక్కిన ప్రతివాడికీ ఒకటే పాట వినిపించేవాడు.

"నేను ఒళ్లు హూనం చేసుకుని కరెంటు పుట్టిస్తే, ఈవిడగారు రెప్పపాటులో ఊదేస్తుందండీ!"

ఆవిడేం తక్కువ తినలేదు.

"మీరు పుట్టించేదేమిటండీ, నా మొహం! అది దానంతటదే మండుతుంది. అది ఎక్కడ పట్టు తప్పుతుందోనని మీరంతా బిక్కచచ్చి కాపలా కాస్తారు. అదీ మీ ఉద్యోగం."

నిజం చెప్పాలంటే అందులో కొంత నిజం ఉంది. యురేనియం కేంద్రకం పగలాలంటే చిన్న న్యూట్రాన్ ఒకటి వచ్చి తగిలితే చాలు. దానికి విద్యుదావేశం లేదు కనుక అడ్డుకునేవాడు లేడు, సరాసరి లోపలికి దూరిపోతుంది. ఒకటి పగిలితే అందులోంచి రెండో మూడో న్యూట్రాన్లు బయటికొచ్చి ఇంకో రెండింటిని పగలగొడతాయి. పెట్టేది గోరంత, వచ్చేది కొండంత. అక్కడ కష్టమంతా పగ్గాలు బిగించి పట్టుకోవడంలోనే ఉంది.

భోజనాల బల్ల దగ్గర ఈ గొడవ మొదలైందంటే కూర చల్లారాల్సిందే.

"మా కేంద్రకం ఒక్కటి పగిలితే వచ్చే శక్తికి మీవి పదకొండు జతలు కలవాలి. తెలుసా?" అనేవాడు ఆయన, చెంచా ఆడిస్తూ.

"మీ ఒక్కటి ఎంత లావుందో చెప్పరేం? తూకం వేసి మాట్లాడండి. బరువుకు బరువు పెడితే మాది మీకు నాలుగింతలు."

"కాగితం మీద."

"సూర్యుడు కాగితం మీద మండుతున్నాడా?"

"సూర్యుడికి నీలాంటి పెళ్లాం లేదు, చక్రం తిప్పి కరెంటు ఊదెయ్యడానికి!"

ఇద్దరూ చెప్పేది నిజమే. తప్పు ఎవరిదైనా అయితే గొడవ ఎప్పుడో తీరిపోయేది.

ఈ గొడవలోంచే పందెం పుట్టింది. వాళ్లుండేది సముద్రం ఒడ్డున విద్యుత్ కేంద్రం వారి క్వార్టర్సులో. ఇద్దరూ రిటైరయ్యాక ఆ ఇల్లు ఖాళీ చేసి వెళ్లాలి. ఎక్కడికి? ఆయనకు చేపలు పట్టడమంటే ప్రాణం. రేవు పక్కనే, కిటికీ తీస్తే అలలు కనబడే ఇల్లొకటి చూసి పెట్టుకున్నాడు. ఆవిడ మనసంతా కొండ మీదుంది. అక్కడ ఆవిడ సొంత అక్క ఉంది. బట్టలు కుట్టే దుకాణం నడుపుతోంది, భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. దుకాణం వెనక రెండు గదులు ఖాళీ. చిన్నప్పుడు ఒకే మంచం మీద, ఒకే దుప్పటి లాక్కుంటూ పెరిగిన అక్కచెల్లెళ్లు వాళ్లు. పెళ్లిళ్లయ్యాక చెల్లెలికి దక్కిందల్లా మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని దుకాణానికి పరిగెత్తి, అక్కతో నాలుగు ముద్దలు తిని మళ్లీ పరిగెత్తడం. ఇక మీదటైనా తీరిగ్గా అక్క పక్కన కూర్చోవాలని ఆవిడ ఆశ. అది పెద్ద కోరికేం కాదు కదా!

ఒకరోజు అక్క దుకాణంలోనే మాటామాటా పెరిగింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"సరే, వదినగారి ఎదురుగానే చెబుతున్నా. నువ్వు రిటైరయ్యే లోపల మీ యంత్రం పెట్టినదానికన్నా పిసరంత ఎక్కువ తిరిగిచ్చిందనుకో, కొండ మీదే కాపురం. ఇవ్వలేదా, కిక్కురుమనకుండా రేవుకి రావాలి."

"మాట తప్పరు కదా?"

"నేనా?"

ఆవిడ చేయి చాపింది. ఆయన చేతిలో చేయి వేశాడు. వదినగారు నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉండటంతో ఏమీ అనలేక, సాక్ష్యానికి తల మాత్రం ఊపింది.

ఏళ్లు గడిచాయి. యంత్రం ఒకసారి కొంచెం ఇచ్చేది, ఒకసారి అదీ ఇచ్చేది కాదు, ఒకసారి మూడు నెలలు మూలపడేది. ఆయన రేవు ఇంటి కిటికీలకు ఏ రంగు వెయ్యాలో కూడా ఆలోచించుకుంటున్నాడు. ఆవిడ ఉద్యోగానికి ఆఖరి కాలం రానే వచ్చింది.

అప్పుడు అయింది చూడండి తమాషా! ఒక మధ్యాహ్నం ఆవిడ ఎప్పటిలాగే చక్రం ఎక్కించి వదిలింది. నేల గుర్రుమంది, వేగం చూపే ముల్లు పడిపోయింది, అంతా మామూలే. ఇంతలో పైఅంతస్తులో ఒకటే కేకలు. ఏ తీగ కాలిపోయిందోనని ఆవిడ పరిగెత్తింది. మెట్లెక్కి చూస్తే పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు బల్లలెక్కి గంతులేస్తున్నారు. డైరెక్టరు కళ్లజోడు ఎక్కడో పడిపోయింది, ఆయన దాన్ని వెతుక్కోవడం కూడా లేదు.

"అక్కా, వచ్చేసింది! పెట్టింది ఒకటి, వచ్చింది ఒకటిన్నర!"

ఆవిడ అక్కడే ఓ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. వెంటనే నవ్వేసింది. మొదట ఆవిడకు యంత్రం గుర్తుకు రాలేదు, సూర్యుడూ గుర్తుకు రాలేదు. అక్క దుకాణం వెనక రెండు గదులు గుర్తుకొచ్చాయి.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. టీవీలో అంతా చూశాడు. మొహం మాడ్చుకుంటాడేమో, ఏదో వంక పెడతాడేమోననుకుంటూ ఆవిడ మాటలు సిద్ధం చేసుకుని మరీ వచ్చింది. ఆయన చేయి చాపాడు.

"ఓడిపోయానోయ్" అన్నాడు. "మీవాళ్లు సాధించారు. వాళ్లకో దండం."

మాటంటే మాటే. మర్నాడే ఎదురింటి మెకానిక్కును పిలిచి గాలాలు, కర్రలు, వలసంచీ, మడతకుర్చీ అన్నీ అప్పగించేశాడు. వెళ్లి కొండ మీది గదులు చూసొచ్చాడు. గుమ్మాలు ఎంత వెడల్పో జానతో కొలుచుకున్నాడు. సముద్రం ఏ కిటికీలోంచీ కనబడదని రూఢి చేసుకుని, "గాలి బాగుంది" అన్నాడు. ఆవిడ అక్క అప్పటికే ఆ కిటికీలకు కర్టెన్ల గుడ్డ కత్తిరించేసింది.

ఆ వారమంతా ఆవిడ గాల్లో తేలిపోయింది. ఒక రాత్రి అన్నం దగ్గర ఆయన అన్న మాటతో ధబ్బున కింద పడింది.

"అయినా మీవాళ్లు సామాన్యులు కారోయ్. నీ చక్రం మింగింది, అయస్కాంతాలు తాగింది, పంపులకి పోయింది, ఫ్యాన్లకి పోయింది. ఇంటి వాడకం అంతా పోను, ఒకటికి ఒకటిన్నర మిగలడమంటే మాటలా!"

ఆవిడ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

కాస్త ఆగి ఈ సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే కథ అడ్డం తిరిగింది ఇక్కడే. ఆయన పని చేసిన కేంద్రంలో ఉత్పత్తి అంటే గేటు దాటి బయటికెళ్లిన కరెంటు. లోపలి పంపులూ దీపాలూ వాడుకున్నదాన్ని వాళ్లు 'ఇంటి వాడకం' అంటారు. దాన్ని తీసేస్తేగానీ వాళ్లకు లెక్క లెక్క కాదు. ఆయన ఉద్యోగం మొత్తం అలాగే గడిచింది. ఇంకో రకంగా కొలిచేవాళ్లు భూమ్మీద ఉంటారని ఆయన ఊహకు కూడా అందదు. పరిశోధనశాలలో లెక్క వేరు. అక్కడ 'పెట్టింది' అంటే ఆ వాయువులోకి దిగిన వేడి మాత్రమే. వాళ్లు చూస్తున్నది నిప్పు అంటుకుంటుందా లేదా అని కనుక, వాళ్ల పనికి ఆ కొలత సరైనదే. ఆ వేడి అక్కడికి చేరడానికి చక్రం ఎంత తిన్నది, అయస్కాంతాలు ఎంత తాగాయి అన్నది అందులోకి రాదు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. అన్నేళ్లు చెంచాలు ఆడించుకుంటూ దెబ్బలాడుకున్నారు, పందెం కాశారు, చేతులు కలిపారు, కానీ 'మీ మీటరు ఎక్కడ పెడతారు' అని ఒకరినొకరు అడిగిన పాపాన పోలేదు! ఆవిడ తన లెక్కలో కాసింది. ఆయన తన లెక్కలో ఓడాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ టిఫిన్ డబ్బా పట్టుకుని అక్క దగ్గర వాలింది. విషయమంతా విని అక్క కుట్టు ఆపింది.

"ఆయనే ఒప్పుకున్నాడా లేదా?"

"ఒప్పుకున్నారు. కానీ ఆయన అనుకున్నది వేరే అక్కా."

"నువ్వు అబద్ధమాడావా?"

"లేదు."

"అయితే నోరు మూసుకుని తిను" అంది అక్క. ఆ తర్వాత గొంతు తగ్గించి, "రాత్రిళ్లు దుకాణం మూశాక ఎవరితో మాట్లాడాలో తెలీక మిషనుతో మాట్లాడుతున్నానే" అంది.

మరి ఇక నోరెలా పెగులుతుంది? ఆవిడ మూసుకుంది. మూసుకుంది కానీ అన్నం సయించలేదు. ఆయన కోప్పడినా బాగుండేది. కోప్పడకపోగా రోజురోజుకీ మంచివాడైపోతున్నాడు. ఆవిడ గిన్నెలు సర్దుతుంటే తనే వచ్చి కాగితాలు చుట్టేవాడు. కొండ చలికి ఇద్దరికీ స్వెట్టర్లు కొనుక్కొచ్చాడు. ఇంతలో ఎదురింటి మెకానిక్ ఒకరోజు గేటు దగ్గర ఆవిడను ఆపాడు.

"అక్కగారూ, ఏమనుకోకండి. బావగారు పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి ఆ గాలాలు తుడిచి వెళ్తున్నారు. నేను సరిగ్గా చూసుకోవట్లేదనా? పోనీ తీసేసుకోమనండి."

అంతే, ఆవిడ వల్ల కాలేదు. లోపలికి వెళ్లేసరికి ఆయన నేల మీద కూర్చుని, కప్పులకు పాత పేపర్లు చుడుతున్నాడు. ఆవిడ ఎదురుగా చతికిలబడింది.

"ఏవండీ, మనం గెలవలేదండీ."

"ఎవరం?"

"నేనే. పందెం నేను గెలవలేదు." ఇక ఆపకుండా చెప్పేసింది. వాయువులోకి దిగిన వేడి నుంచే లెక్క మొదలుపెడతారని, చక్రం అందులో లేదని, అయస్కాంతాలు లేవని, ఇంటి వాడకం అనే మాటే వాళ్ల దగ్గర లేదని.

ఆయన కప్పు కింద పెట్టాడు.

"మరి మీ గేటు దగ్గర మీటరు పెట్టి కొలిస్తే?"

"మీరిచ్చిన దాంట్లో ఇరవయ్యో వంతు కూడా వెనక్కి రాలేదు. వచ్చింది కూడా కరెంటు కాదు, ఉత్త వేడి."

"ఇరవయ్యో వంతా!"

"ఊఁ."

ఇక్కడ ఏ పెద్దమనిషైనా భార్య భుజం తట్టి, నీ నిజాయితీ గొప్పది అని ఒక మంచి మాట అనేవాడు. ఈయన ఎగిరి గంతేశాడు! చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటి పరిగెత్తి, గాలాలు, కర్రలు, వలసంచీ, మడతకుర్చీ అన్నీ ఒక్క మోపుగా ఎత్తుకొచ్చేశాడు. వస్తూ వస్తూ మెకానిక్కును కూడా కౌగిలించుకున్నాడట.

"గెలిచానోయ్! ఇరవయ్యో వంతు! మొత్తుకున్నానా, లేదా?"

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"రెండ్రోజులు బాధపడినట్టు నటించలేకపోయారా? అన్నం మానేసి చచ్చాను ఇక్కడ!"

"నిన్నెవరు మానెయ్యమన్నారు?"

ఆ పూట వంటిల్లు మూతపడింది. ఆయన ఈల వేసుకుంటూ రొట్టె కాల్చుకుని, గుడ్లు వేయించుకుని, ఆవిడకు కూడా ఓ పళ్లెం తెచ్చి ముందు పెట్టాడు. తను సగం తిన్నాక ఈల ఆగింది. ఏదో గుర్తుకొచ్చినవాడిలా చెంచా దించాడు.

"ఉండు ఉండు. నీ చక్రం లెక్కలోనే లేదా?"

"లేదన్నానుగా."

"అంటే, మొన్న టీవీలో చూపించిన దాంట్లో నీ పని ఎక్కడుంది?"

"లేదు. చక్రమే లేకపోతే నేనెక్కడుంటాను?" అంది ఆవిడ మామూలుగా. అన్నాక ఆ మాట తన చెవికే వింతగా వినబడింది. ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ ఆవిడకు తెలిసిన సంగతే అది. తన నోటితో తన ఇంట్లో చెప్పుకోవాల్సి రావడం మాత్రం ఇదే మొదటిసారి. ఇన్నేళ్లూ పైన మండిన ప్రతిసారీ తను పోసిందే మండింది. లెక్క మాత్రం తన గది దాటాక మొదలవుతుంది. ఆవిడకు ఏడుపొచ్చింది. ఇల్లు పోయినందుకు కాదు, ఇందుకు.

ఆయన లేచాడు. "టీ పెట్టనా?" అన్నాడు. పెట్టాడు. తర్వాత మళ్లీ ఈల వెయ్యలేదు.

ఆవిడ ఆఖరి రోజున ఇంట్లోవాళ్లను కూడా రమ్మన్నారు. ఆయన అంతవరకూ ఆ గేటు లోపల కాలు పెట్టలేదు. ఎప్పుడు పిలిచినా "నా కరెంటును తగలేస్తుంటే కళ్లారా చూడలేను" అని తప్పించుకునేవాడు. ఆ రోజు మాత్రం కొత్త స్వెట్టరు వేసుకుని ఆవిడ కన్నా ముందు బస్సెక్కాడు.

నేలమాళిగలో ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆవిడ ఫోనెత్తి, "అన్నయ్యా, ఎక్కిస్తున్నా. ఇదే ఆఖరుసారి" అంది. అవతలాయన గొంతు సవరించుకుని, "ఇవాళ ఎంత కావాలంటే అంత తీసుకో తల్లీ" అన్నాడు. చక్రం కదిలింది. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత ఒక అదురు ఆయన అరికాళ్లలో సన్నగా మొదలై మోకాళ్ల దాకా పాకింది. ఆవిడ మీటర్ల వైపు ఒక చూపు, నేల వైపు ఒక చెవి పెట్టి, రెండు చేతులతో మీటలు వెంట్రుకవాసి కదుపుతోంది. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టిందో మర్చిపోయే మనిషేనా ఈవిడ అనుకున్నాడు ఆయన. పైనుంచి గంట మోగింది. ఆవిడ వదిలింది. గది గుర్రుమంది, ముల్లు రాయిలా పడింది, అంతలో అంతా సద్దుమణిగింది.

"అంతేనా?" అన్నాడు.

"అంతే."

"పైన నిప్పు?"

"ఆరిపోయింది. నేను పొయ్యడం ఆపితే అది ఆరిపోతుంది."

ఆయన కేంద్రంలో నిప్పు ఆర్పేశాక కూడా రోజుల తరబడి నీళ్లు పోసి చల్లార్చాలి. ఉద్యోగమంతా ఆయన పగ్గాలు లాగిపట్టాడు. ఈవిడ ఉద్యోగమంతా పొయ్యి ఊదింది. ఒక్క ఇంట్లోనే ఇన్నాళ్లూ ఉన్నారు, ఈ సంగతి మీద వేళాకోళం ఆడుకున్నారు కూడా. చూడటం మాత్రం ఇప్పుడే చూశాడు.

పైన హాల్లో సభ. పూలగుత్తి ఇచ్చారు, చప్పట్లు కొట్టారు. డైరెక్టరు మొన్నటి రికార్డు గురించి గొప్పగా చెప్పి, అందులో చక్రం అక్క సేవ మరువలేనిదన్నాడు. ఇంకోసారి చప్పట్లు. అవి ఆగీ ఆగగానే ఆవిడ భర్త లేచాడు. ఏం కొంప ముంచుతాడోనని ఆవిడ ఆయన స్వెట్టరు పట్టుకుని లాగింది. ఆయన కూర్చోలేదు.

"ఒక్క మాట సార్. మరువలేనిదన్నారు, సంతోషం. మరి ఒకటికి ఒకటిన్నర అన్నారే, ఆ ఒకటిలో మా ఆవిడ చక్రం ఎందుకు లేదు?"

హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. డైరెక్టరు మాత్రం నొచ్చుకోలేదు. నవ్వి, మైకు పక్కన పెట్టి, మెట్లు దిగి ఆయన దగ్గరికే వచ్చాడు.

"బావగారూ, మంచి ప్రశ్న అడిగారు. పేపరువాళ్లకు కూడా చెప్పాం, వాళ్లకు అది రుచించలేదు. మొన్న మేం చూసింది పొయ్యి అంటుకుందా లేదా అన్నంతవరకే. అంటుకుంది. దాంతో ఇల్లు గడుస్తుందా అన్నది ఇంకో లెక్క. ఆ లెక్క అక్క చక్రం దగ్గరే మొదలుపెట్టాలి. చక్రాన్ని కూడా వేసుకుని ఎప్పుడు మిగులుతుందో, అప్పుడే మేం గెలిచినట్టు."

"ఎప్పుడంటారు?"

"నా హయాంలో కాకపోవచ్చు. ఆ తర్వాతాయన హయాంలో కూడా కాకపోవచ్చు."

"ఆ రోజు చక్రాన్ని వదిలెయ్యరు కదా?"

"వదలం."

"చెప్పలేం లెండి" అన్నాడు ఆయన, కూర్చుంటూ. అందరూ నవ్వారు. ఆవిడ తల దించుకుని పూలగుత్తి సర్దుకుంటోంది. ఆ పూలను సర్దాల్సిన పనేమీ లేదు.

దిగువకు వెళ్లే బస్సులో ఆయన కిటికీ వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. రెండు మలుపులు దాటాక అడిగాడు.

"మీ అక్క ఆ గదులు ఎవరికైనా ఇచ్చేసిందా?"

"ఇంకా లేదు. ఏం?"

"ఇవ్వొద్దని చెప్పు."

ఆవిడకు అర్థం కాలేదు. "అదేమిటి? పందెం మీరు గెలిచారుగా."

"గెలిచాను. ఎవరు కాదన్నారు? నువ్వు చిత్తుగా ఓడావు." ఆయన ఇటు తిరిగాడు. "ఎప్పుడో ఒకప్పుడు వీళ్లు మళ్లీ లెక్క వేస్తారు. ఆ రోజు నీ చక్రాన్ని అందులో వేశారో లేదో చూడటానికి ఒక మనిషి ఉండొద్దూ? రేవులో కూర్చుంటే నాకెవడు చెబుతాడు?"

"డైరెక్టరుగారి మాట వినలేదా? అప్పటికి మనం ఉండం."

"ఉన్నన్నాళ్లూ అడుగుతా" అన్నాడు.

ఆవిడకు తను కోరుకున్న ఇల్లు దక్కింది, అక్క దక్కింది, అవన్నీ ఒక ఎత్తు. ఈ మనిషి నోట ఆ మాట వినడం ఒక ఎత్తు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన మీద ఇంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదని, ఆ రాత్రే అక్కకు ఫోన్ చేసి సిగ్గు విడిచి చెప్పేసింది.

ఇప్పుడు వాళ్లు కొండ మీదే ఉంటున్నారు. ఆయన వారానికోసారి బస్సులో సముద్రానికి దిగి, ఒళ్లంతా చేపల వాసనతో తిరిగొచ్చి వదినగారి చేత చీవాట్లు తింటాడు. మిగతా రోజుల్లో పొద్దున్నే నడకకని బయల్దేరి పరిశోధనశాల గేటు దగ్గర ఆగుతాడు. కాపలా అతనికి ఇది అలవాటైపోయింది.

"ఏమయ్యా, చక్రాన్ని లెక్కలో వేశారా?"

"ఇంకా లేదు బావగారూ."

ఇంటికి రాగానే ఆవిడ టీ అందిస్తూ, అంతా తెలిసి కూడా ఏమన్నారని అడుగుతుంది.

"ఇంకా లేదట."

"అయితే రేపు కూడా అడగండి" అంటుంది.